హైదరాబాదు నుంచి రాఫ్టింగ్‌కు: కుండలిక, కాళి, గంగలలో ఏ సెలవులకు ఏ నది

హైదరాబాదు చుట్టుపక్కల నీటికి కొదవ లేదు కానీ, వడి ఉన్న నీరు మాత్రం కనిపించదు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకోవచ్చు, వికారాబాదు దాటి కోట్‌పల్లి జలాశయంలో కయాక్ (ఒకరో ఇద్దరో తెడ్డుతో నడిపే సన్నటి పడవ) ఎక్కవచ్చు, సోమశిల దగ్గర కృష్ణలో లాంచీ మీద తిరిగి రావచ్చు. ఇవన్నీ నిలిచిన నీళ్ళే. పాపికొండల నడుమ గోదావరి అందానికి పెట్టింది పేరైనా, మామూలు రోజుల్లో అక్కడ నది లోతుగా, నింపాదిగా సాగుతుంది; వరద వచ్చిందంటే మాత్రం సరదా పడవలు దిగవలసిన నది కాదది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన నాడు గోదావరి వరద మీదే ఉంది. బండల మీదుగా నురగలు కక్కుతూ పారాలి, రాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) అదిరి ఒళ్ళు తడవాలి, అయినా మొదటిసారి వచ్చినవాడు క్షేమంగా ఒడ్డు చేరాలి అనుకుంటే మనం పడమటి కనుమలకో, హిమాలయాల పాదాల దగ్గరికో వెళ్ళవలసిందే.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేవి మూడు చోట్లు: మహారాష్ట్రలోని కోలాడ్ దగ్గర కుండలిక, కర్ణాటకలోని దాండేలి దగ్గర కాళి, ఉత్తరాఖండ్‌లోని రిషికేశ్ దగ్గర గంగ. వీటితోపాటు వానాకాలంలో కర్ణాటకలోని కొడగు నదుల పేర్లు కూడా వినిపిస్తాయి. సాధారణంగా దూరాన్నో, ఖర్చునో, స్నేహితులు పంపిన వీడియోనో చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటారు. ఆ వరుసే సరికాదని నా అభిప్రాయం. ముందు నెల తేల్చుకోవాలి, నది ఆ తరువాత. ఎందుకంటే ఈ మూడు నదుల్లోనూ నీరు ఏడాది పొడుగునా ఒక తీరున ఉండదు; రెండింటిలోనైతే ఆ రోజు ఎంత నీరు ఉండాలో వాన కాక, జలవిద్యుత్ కేంద్రం నిర్ణయిస్తుంది.

నది వడిని కొలవడానికి ప్రపంచమంతటా ఒకటి నుంచి ఆరు వరకు గ్రేడ్లు వాడతారు. ఒకటో గ్రేడ్ అంటే కదిలే నీరు, చిన్న చిన్న అలలు. రెండో గ్రేడ్‌లో అలలు కాస్త లేస్తాయి కానీ దారి విశాలంగా, ముందే కనిపిస్తూ ఉంటుంది. మూడో గ్రేడ్‌లో అలలు ఒక క్రమంలో రావు, నీళ్ళు రాఫ్ట్‌లోకి ఎగిరి పడతాయి, గైడ్ చెప్పిన క్షణంలో అందరూ కలిసి తెడ్డు వేయకపోతే రాఫ్ట్ అడ్డం తిరుగుతుంది. నాలుగు నుంచి అనుభవం లేనివారి పని కాదు. మొదటిసారి వెళ్ళేవారికి రెండు, మూడు గ్రేడ్లు చాలు. అయితే ప్రకటనల్లో రాయని విషయం ఒకటుంది. గ్రేడ్ నదికి శాశ్వతంగా అంటుకుని ఉండదు. ఒక ర్యాపిడ్‌కు (నది వడిగా, నురగలతో పారే చోటుకు), ఒకానొక నీటిమట్టం దగ్గర మాత్రమే వర్తిస్తుంది. ఫిబ్రవరిలో పిల్లకాలువలా కనిపించిన మలుపే ఆగస్టులో గైడ్లు కూడా దిగని చోటు కావచ్చు.

కుండలిక సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే దాని కథలో మనకూ వాటా ఉంది. పూణెకు పడమట ములా నది మీద ముల్షీ దగ్గర టాటాలు కట్టిన ఆనకట్ట ఉంది. 1921లో సేనాపతి బాపట్ నాయకత్వంలో రైతులు సత్యాగ్రహం చేసింది ఈ ఆనకట్టకు వ్యతిరేకంగానే. ములా నది సహజంగా తూర్పుకు పారుతుంది. పూణెలో ముఠాతో కలిసి భీమలో చేరుతుంది, ఆ భీమ నారాయణపేట జిల్లా సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. ఆనకట్ట వెనుక నిలిచిన ఆ నీటిని సొరంగాల గుండా, పెద్ద పెద్ద గొట్టాల గుండా కనుమ దిగువన ఉన్న భిరా విద్యుత్ కేంద్రానికి మళ్ళిస్తారు. టర్బైన్లు తిప్పిన తరువాత ఆ నీరు కుండలికలో పడి పడమటికి సాగిపోతుంది. అంటే జూరాలకు రావలసిన నీటిలో కొంత, కోలాడ్‌లో రాఫ్టులను మోస్తూ అరేబియా సముద్రం దారి పడుతోందన్నమాట.

ఈ ఏర్పాటు వల్ల కుండలికకు ఒక సుగుణం, ఒక ఇబ్బంది వచ్చాయి. సుగుణం ఏమిటంటే, వానలతో నిమిత్తం లేకుండా ఏడాది పొడుగునా దాదాపు రోజూ నీరు ఉంటుంది. నీటి పరిమాణం కూడా ఊహించదగినదిగా ఉంటుంది కనుక ర్యాపిడ్లు రెండు, మూడు గ్రేడ్ల మధ్యనే నిలుస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, నీరు ఉదయం పూట ఒక వేళకు వస్తుంది, ఆ వేళకు రాఫ్టులు బయలుదేరే రావళ్జె రేవులో లేనివారికి ఆ రోజు నది లేనట్టే. విడుదలకు ముందు అక్కడ నిలబడి చూస్తే బండలన్నీ బయటపడి, వాటి సందుల్లో నీరు సన్నటి పాయలుగా పారుతూ ఉంటుంది. ఇందులో రాఫ్ట్ ఎలా నడుస్తుందని కొత్తవారు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపటికి ఒడ్డున ఉన్న గడ్డి నీటమునుగుతుంది, ఇందాక కనిపించిన బండల మీద అలలు లేవడం మొదలవుతుంది, గైడ్లు రాఫ్టులను నీళ్ళలోకి నెడతారు. అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లకు పైగా, రెండు గంటల దాకా ప్రయాణం. ర్యాపిడ్లు మొదటి సగంలో దగ్గర దగ్గరగా వస్తాయి. తరువాత నది నెమ్మదిస్తుంది, పక్కన వరిచేలు, వాటి వెనుక సహ్యాద్రి కొండలు కనిపిస్తాయి.

హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి కోలాడ్ చేరి రాఫ్ట్ ఎక్కుతామనే లెక్క ఆ ఉదయపు విడుదల వల్లే తప్పుతుంది. పూణెలో దిగి తామ్హిణి ఘాట్ మీదుగా వెళ్ళినా మూడు గంటల ప్రయాణం ఉంటుంది; వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద పొగమంచు, కొండచరియలు అదనం. ముందు రోజు సాయంత్రానికే కోలాడ్ చేరి అక్కడే పడుకోవడం మంచిది. విద్యుత్ కేంద్రంలో మరమ్మతులు ఉన్న రోజు నీరు వదలరు కనుక, బయలుదేరేముందు కూడా ఒకసారి ఫోను చేయాలి. బుకింగ్ సమయంలో చెప్పిన మాట మీద ఆధారపడకండి.

కాళి నది ఉత్తర కన్నడ జిల్లాలో పుట్టి, 184 కిలోమీటర్లు పారి, కార్వార్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని మీద 101 మీటర్ల ఎత్తున సూపా ఆనకట్ట ఉంది. ఆ ఆనకట్ట దిగువన గణేశ్‌గుడి దగ్గర రాఫ్టింగ్ మొదలవుతుంది. ఇక్కడా ర్యాపిడ్లు రెండు, మూడు గ్రేడ్ల మధ్యవే, ఇక్కడా నీరు విద్యుదుత్పత్తి తరువాత వదిలినదే. కుండలికకు దీనికి అసలు తేడా ఒడ్డున ఉంది. కాళి పులుల అభయారణ్యం అంచున సాగే ఈ దారిలో చెట్లు నీటి మీదికి వంగి ఉంటాయి, పెద్ద ముక్కు ధనేశ పక్షులు ఒక గట్టు నుంచి మరో గట్టుకు దాటుతుంటే రెక్కల చప్పుడు కింద రాఫ్ట్‌లో వినిపిస్తుంది. నది అందమే ప్రధానమనుకునేవారికి ఈ మూడింటిలో నేను సూచించేది ఇదే. హైదరాబాదు నుంచి రోడ్డు మీద ఐదు వందల కిలోమీటర్లకు పైమాటే. రాత్రి బస్సులో హుబ్బళ్ళి చేరి, అక్కడి నుంచి కారులో రెండు గంటలు ప్రయాణించడం తేలికైన పద్ధతి.

కాళిలో చూసుకోవలసినవి రెండున్నాయి. వానాకాలంలో ఇక్కడ రాఫ్టింగ్ ఆపివేస్తారు; మిగిలిన కాలంలో కూడా అధికారుల అనుమతుల వల్ల మధ్యమధ్య ఆగిన సందర్భాలున్నాయి కనుక, వారం ముందు కనుక్కోవడం తప్పనిసరి. రెండోది, దాండేలి రిసార్టులు ప్యాకేజీలో కలిపి ఇచ్చే ‘షార్ట్ రాఫ్టింగ్’. ఇందులో ఒకటి రెండు ర్యాపిడ్ల మీద అరగంట తిప్పి దింపేస్తారు. దానికోసం అంత దూరం వెళ్ళడం దండగ. తొమ్మిది కిలోమీటర్లో, అంతకు మించో ఉండే పొడవైన దారి కావాలని పేరు పెట్టి అడగాలి. ఇంకొక మాట: దాండేలి ఊరి దగ్గర కాళిలో మొసళ్ళున్నాయి. రాఫ్టింగ్ జరిగేది చాలా ఎగువన కాబట్టి రాఫ్టు మీద ఉన్నవారికి భయం లేదు కానీ, సాయంత్రం రిసార్టు వెనుక నదిలో కాళ్ళు కడుక్కుందామని దిగేవారు మాత్రం ముందు అక్కడివారిని అడగాలి.

గంగ తీరు పూర్తిగా వేరు. కుండలిక, కాళి చిన్న నదులు. వాటి ర్యాపిడ్లు రాళ్ళ వల్ల ఏర్పడతాయి. రిషికేశ్ ఎగువన గంగ పెద్ద నది. అక్కడి ర్యాపిడ్లకు రాళ్ళ కన్నా నీటి పరిమాణం బలం ఇస్తుంది. ఈ తేడా పడిపోయినప్పుడు తెలుస్తుంది. చిన్న నదిలో రాఫ్ట్ నుంచి జారినవారు త్వరగానే ఒడ్డుకో, నిలకడ నీటికో చేరతారు కానీ మోకాలికో మోచేతికో రాయి తగిలే అవకాశం ఎక్కువ. గంగలో రాయి తగలడం అరుదు, అల మాత్రం మనిషిని చాలా దూరం మోసుకుపోతుంది. పైగా ఆ నీరు మంచు కరిగి వచ్చినది కావడం వల్ల, మే నెల ఎండలో కూడా మొదటి మునకకు ఊపిరి బిగుసుకుంటుంది. ఈత వచ్చినవారు కూడా ఆ చలికి తడబడతారు. కాబట్టి ఈ రెండు రకాల్లో ఏది తేలిక అని అడిగేవారికి నేను చెప్పే సమాధానం, నీళ్ళంటే భయం ఉన్నవారికి కుండలిక, దెబ్బలంటే భయం ఉన్నవారికి గంగ.

గంగలో దూరం ఎంచుకునే వీలు కూడా ఎక్కువ. బ్రహ్మపురి నుంచి దిగితే సుమారు తొమ్మిది కిలోమీటర్లు, తేలికైన దారి. శివపురి నుంచి సుమారు పదహారు కిలోమీటర్లు. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అని పేర్లు పెట్టిన మూడో గ్రేడ్ ర్యాపిడ్లు ఈ దారిలో ఉన్నాయి, ఎక్కువమందికి సరిపోయేది ఇదే. కౌడియాలా నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిలో ‘ది వాల్’ అనే ర్యాపిడ్ నాలుగో గ్రేడ్‌కు తక్కువ కాదు, మొదటి ప్రయాణానికి అక్కడి నుంచి దిగవద్దు. వానాకాలంలో, అంటే జూలై, ఆగస్టుల్లో, సెప్టెంబరులో కూడా చాలా భాగం రాఫ్టింగ్ ఉండదు. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, నిబంధనలు తయారయ్యేవరకు రాఫ్టింగ్‌ను ఆపించింది. నిబంధనల సంగతి కోర్టు దాకా వెళ్ళింది కాబట్టి, లైసెన్సు చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను అక్కడ రాఫ్ట్ ఎక్కనివ్వరు. విమానం మీద డెహ్రాడూన్ చేరితే జాలీ గ్రాంట్ విమానాశ్రయం నుంచి రిషికేశ్ ఇరవై కిలోమీటర్ల దూరమే ఉంటుంది కనుక, దూరం ఎక్కువైనా ప్రయాణపు అలసట మాత్రం దాండేలి కంటే తక్కువ. రాఫ్టింగ్ టికెట్టు ధరలను పోల్చి లాభం లేదు. ఏ నదికి వెళ్ళినా ఖర్చులో పెద్ద భాగం దారిలోనే పోతుంది.

కొడగు గురించి ఎక్కువ చెప్పను. బరపొళె నదిలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నీరు బలంగా ఉంటుంది, మూడు, నాలుగు గ్రేడ్ల ర్యాపిడ్లుంటాయి. రెండోసారో, మూడోసారో వెళ్ళవలసిన చోటు. కుశాలనగర్ దగ్గర దుబారెలో కావేరి మీద జరిగేది మరీ మెత్తనిది, పెద్దవాళ్ళను తీసుకువెళ్ళినప్పుడు బాగుంటుంది కానీ, దానికోసమే హైదరాబాదు నుంచి బయలుదేరనక్కరలేదు.

నది తరువాత తేల్చుకోవలసింది పడవ. ఆరుగురు, ఎనిమిది మంది ఎక్కే రాఫ్ట్‌లో వెనుక కూర్చున్న గైడ్ నది దారి చూసుకుంటాడు. మనం వేసే తెడ్డు బలానికే తప్ప దిశకు కాదు. ఇందులో కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంది: రాఫ్ట్ అంచు మీద, ఒక పాదాన్ని ముందున్న గాలి దిండు కిందికి దోపి కూర్చోవాలి, ఒక చేతి వేళ్ళు తెడ్డు పై చివరి పిడిని ఎప్పుడూ వదలకూడదు. ముందరి పళ్ళు రాలేది నీటివల్ల కాదు, పక్కవాడు వదిలేసిన తెడ్డు పిడివల్ల. నిజంగా తామే నడపాలనుకునేవారు గాలితో నింపే కయాక్ అడగాలి. ఒకరో ఇద్దరో ఎక్కే ఈ పడవ బోల్తా పడినా మళ్ళీ ఎక్కడం తేలిక, రెండో గ్రేడ్ నీటికి సరిగ్గా సరిపోతుంది. అందుకు కుండలిక కింది సగం, గంగలో నీరు తగ్గిన నెలల్లో బ్రహ్మపురి దారి అనువైనవి. గట్టి ప్లాస్టిక్ కయాక్ మాత్రం ఒక పూటలో వచ్చే విద్య కాదు, బోల్తా పడినప్పుడు తలకిందులుగా ఉండి బయటికి రావడం ముందు నిలిచిన నీటిలో నేర్చుకోవాలి. కోట్‌పల్లిలో రెండు ఆదివారాలు మామూలు కయాక్ నడిపినా, కనీసం తెడ్డు ఎక్కడ ముంచాలో భుజాలకు తెలుస్తుంది. ఈ చిన్న సాధన చేసి వెళ్ళినవారికి, చేయనివారికి నదిలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈత రాకపోవడం అడ్డంకి కాదు, లైఫ్‌జాకెట్ వదులుగా ఉండడం అడ్డంకి. తొడుక్కున్న తరువాత ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి; జాకెట్ చెవుల దాకా లేస్తే పట్టీలు ఇంకా బిగించాలి. హెల్మెట్ నుదుటిని కప్పాలి. నీళ్ళలో పడితే వెల్లకిలా తిరిగి, కాళ్ళు దిగువ వైపు పెట్టి, కాలివేళ్ళు నీటిపైకి కనిపించేలా తేలాలి. పారే నీటిలో లేచి నిలబడే ప్రయత్నం మాత్రం చేయవద్దు. నీరు నడుము లోతే ఉన్నా, రాళ్ళ సందులో పాదం ఇరుక్కుంటే వెనుక నుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకు వంచేస్తుంది. చిన్న నదుల్లో జరిగే పెద్ద ప్రమాదాలకు ఒక ముఖ్య కారణం ఇదే. చెప్పులు వద్దు, వెనుక పట్టీ ఉన్న శాండల్సో, పాత బూట్లో వేసుకోండి. కళ్ళజోడు ఉన్నవారు తాడు కట్టుకోండి. రాఫ్టు వెంట రక్షణ కయాక్ వస్తుందా, గైడ్ సంచిలో విసిరే తాడు ఉందా అని బుకింగ్ అప్పుడే అడగండి. విసుక్కునే నిర్వాహకులను వదిలేయండి.

ఇక నెలల మాట. హైదరాబాదు కుటుంబాలకు సెలవులు మూడు విడతలుగా వస్తాయి కనుక, ఆ లెక్కన చెబుతాను. సంక్రాంతికి కాళి మేలు: వానలతో నిండిన సూపా జలాశయంలో నీరు ఉంటుంది, ఎండ హాయిగా ఉంటుంది, అడవి పచ్చగానే ఉంటుంది. ఆ రోజుల్లో గంగ నీరు మరీ చల్లగా ఉండి, పిల్లలకే కాదు మనకూ కష్టమవుతుంది. వేసవిలో పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలున్నవారు పరీక్షలు కాగానే రిషికేశ్ వెళ్ళాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీరు ఇంకా తేటగా ఉంటుంది, మే గడిచేకొద్దీ మంచు కరిగి వచ్చే నీరు పెరిగి ర్యాపిడ్ల తీరు మారిపోతుంది. మేలో వారాంతాల్లో రిషికేశ్ రోడ్ల మీద వాహనాల వరుసలు చూస్తే రాఫ్టింగ్ మీద మోజే పోతుంది. అందువల్ల సోమవారం నుంచి గురువారం మధ్య తేదీలు చూసుకోవడం మంచిది. దసరా సెలవుల్లో నిస్సందేహంగా కుండలిక. కాళి అప్పటికి తెరుస్తారో లేదో చెప్పలేం, గంగ అప్పుడే తెరుచుకుని ఇంకా నిండుగా ఉంటుంది. కోలాడ్‌లో మాత్రం వానలు వెనుకబట్టి, కొండల మీద జలపాతాలు కొన్ని మిగిలి, విడుదల నీరు మామూలు మట్టానికి వచ్చి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఆఫీసు జట్టుతో వెళ్ళేవారికి కూడా కుండలికే దిక్కు. అప్పుడు విడుదల నీటికి వాననీరు తోడై ర్యాపిడ్లు ఒక మెట్టు పెరుగుతాయి, అతి భారీ వర్ష హెచ్చరిక ఉన్న రోజు రాఫ్టులు దించరు. అందుకని ఆ రెండు నెలల్లో వెళ్ళేవారు ఒక రోజు చేతిలో మిగిలేలా తిరుగు టికెట్టు తీసుకోవాలి. శనివారం నీరు కుదరకపోతే ఆదివారం ఉదయం మళ్ళీ రేవుకు వెళ్ళవచ్చు.